పటం వెనుక రాత

మన ఇళ్ళలో గోడమీదికి ఎక్కే అర్హత కొన్నింటికే ఉంటుంది. వేంకటేశ్వరస్వామి, లక్ష్మీదేవి, కీర్తిశేషులైన తాతముత్తాతలు, పెళ్ళినాటి ఛాయాచిత్రం, వంశంలో మొదటిసారి డిగ్రీ పుచ్చుకొన్నవాడి పట్టా. పరిహాసానికి ఎవరూ పటం కట్టించరు. నవ్వు పత్రికలో పుడుతుంది, మరునాటికి పొట్లం కాగితమవుతుంది. కాని మా ఇంటి ముందుగదిలో మూడు పరిహాస చిత్రాలు గాజు వెనుక భద్రంగా ఉన్నాయి. వాటిలో దేవుడు లేడు, బంధువూ లేడు. ఇనుప కవచాలు తొడిగిన ఐరోపా వీరులు కొందరు, ఒక దయ్యం - అంతే. కొత్తగా వచ్చినవారు వాటిని చూసి, "ఇవెవరివండీ?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు ఒక్కమాటలో సమాధానం చెప్పడం నాకు ఇన్నేళ్ళలో చేతకాలేదు.

మా నాయనకు సికింద్రాబాదు జనరల్ బజారును ఆనుకొన్న ఒక సందులో పటాలు కట్టే దుకాణం ఉండేది. ఆరడుగుల వెడల్పు, పన్నెండడుగుల లోతు. లోపల గాజు పలకలు, టేకు పట్టీలు, మేకుల డబ్బాలు, ఒక మూల కుంపటిమీద మైదా జిగురు. పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం కలిపేవాడు. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కుపుటాలలో ఉంది. దండు కొలువుతీరిన ఊరు కనుక ఆ దుకాణానికి రాని మతం లేదు. 1806లో నిజాము సికందర్ జా పేరు పెట్టుకొన్న నాటినుంచి సికింద్రాబాదు ఆంగ్లేయ సైన్యానికి విడిదిపట్టు. అందువల్ల ఒకే బల్లమీద కోదండరాముడు, మేరీమాత, బంగారు సిరాతో రాసిన అరబ్బీ వాక్యం పక్కపక్కనే ఆరుతుండేవి. పటాలవాడికి అందరు దేవుళ్ళూ అంగుళాలలోనే కనిపిస్తారని మా నాయన నవ్వేవాడు.

దొరలు వెళ్ళిపోయిన తరువాత వారి ఇళ్ళలోని వస్తువులు చాలాకాలం ఈ బజార్లలో తిరిగాయి. పియానోలు, గడియారాలు, జింక కొమ్ములు, వేట దృశ్యాల చిత్రాలు ఒక చేతినుంచి మరొక చేతికి మారుతూ వచ్చాయి. కొన్ని ఆంగ్లో ఇండియన్ కుటుంబాల దగ్గర నిలిచాయి. అటువంటి కుటుంబాలు లాలాగూడ రైల్వే క్వార్టర్లలో అప్పట్లో చాలా ఉండేవి. 1969లో ఒక సాయంకాలం, లేత నీలిరంగు గౌను వేసుకొన్న ఒక పెద్దావిడ లాలాగూడ నుంచి రిక్షాలో మా దుకాణానికి వచ్చింది. ఆమె చంకలో చుట్టచుట్టిన కాగితాలున్నాయి. నాకు అప్పుడు తొమ్మిదేళ్ళు. బడి వదిలి దుకాణానికి వస్తూ, వెళ్ళిపోతున్న ఆమెను మాత్రమే చూశాను. నాయన ఆమెను "అమ్మగారు" అన్నాడు. క్రిస్మసుకు వచ్చి పటాలు తీసుకొంటానని ఆమె చెప్పిందట.

క్రిస్మసు వచ్చింది. అమ్మగారు రాలేదు. సంక్రాంతి వెళ్ళాక నాయన సైకిలు మీద లాలాగూడ వెళ్ళి విచారించాడు. ఆ క్వార్టర్లో వేరే సంసారం ఉంది. పాతవాళ్ళు ఓడ ఎక్కి ఆస్ట్రేలియా వెళ్ళిపోయారని పొరుగువారు చెప్పారు. నాయన తిరిగి వచ్చి, ఆ మూడు పటాలనూ దుకాణంలో బజారుకు ఎదురుగా ఉన్న గోడకు తగిలించాడు. అమ్మగారి తరఫువారు ఎవరైనా ఆ దారిన పోతే గుర్తుపడతారని ఆయన ఆశ.

మొదటి చిత్రంలో స్థూలకాయుడైన ఒక వీరుడు నఖశిఖ పర్యంతం కవచం తొడుక్కొని గుర్రమెక్కబోతున్నాడు. ఇద్దరు సేవకులు వెనుకనుంచి నెడుతున్నారు. గుర్రం తల తిప్పి, 'ఈ బరువు నాకా?' అన్నట్లు చూస్తున్నది. రెండవది అన్నింటికంటే పెద్దది. అందులో కుండపోత వాన. ఈటెలు పట్టిన వీరులు బురదలో జారుతుండగా, ఒక ప్రభువు శిరస్త్రాణం మీదుగా గొడుగు పట్టుకొని కూర్చున్నాడు. మూడవది దయ్యం. తన తలను తానే చంకలో పెట్టుకొని, రాత్రి టోపీ ధరించి మంచంమీద వణుకుతున్న ఒక పెద్దమనిషి ముందు నిలబడింది. ఆ దయ్యం పాదాల దగ్గర, చిత్రం అంచున, ఒక చిన్న సీసా. సీసాలో మెలికలు తిరిగిన నల్లని పురుగు వంటిదేదో ఉంది.

ఆ సీసా నన్ను చాలాకాలం నిద్రపోనివ్వలేదు. దయ్యం అందులోనుంచే బయటికి వచ్చిందని, పగలంతా అందులో ముడుచుకొని ఉంటుందని నా నిశ్చయం. చీకటి పడ్డాక దుకాణం వెనుక అరలోనుంచి మేకుల డబ్బా తెమ్మంటే నా కాళ్ళు కదిలేవి కావు. ఒకనాడు నాయన సంగతి గ్రహించి, నన్ను ఎత్తుకొని ఆ పటం ముందు నిలబెట్టాడు.

"సక్కగ సూడు బిడ్డా. భయపడుతున్నది ఎవరు? మంచం మీదోడు. వాని మూతి సూడు, ఎట్ల గీసిండో. ఈ బొమ్మ గీసినోడు నవ్వుకుంట గీసిండు. నవ్వుకుంట గీసినదానికి భయపడొద్దు" అన్నాడు.

ఆయనకు ఇంగ్లీషు రాదు. చిత్రకళ గురించి ఎవరూ ఆయనకు పాఠం చెప్పలేదు. అయినా ఆ మాట ఎంత నిజమో తెలుసుకోవడానికి నాకు పదిహేడేళ్ళు పట్టింది.

కొంతకాలానికి నన్ను సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకువెళ్ళాడు. 1968లో మూసీ ఒడ్డున కొత్త భవనంలోకి మారిన ఆ మ్యూజియం అప్పటికింకా ఊరివారికి వింతగానే ఉంది. అందరూ ముసుగు రెబెక్కా దగ్గర గుమిగూడితే, మేము ఆయుధాల గదిలో ఎక్కువసేపు గడిపాము. అక్కడి ఇనుప వలల కవచాలను, శిరస్త్రాణాలను చూపి, "ఇది ఏసుకొని మన సందుల నడువగలరా ఎవరన్న?" అని అడిగాడు. నాకు నవ్వు వచ్చింది. ఆ రాత్రినుంచి గుర్రం మీది వీరులు నాకు భయం కలిగించడం మానివేశారు. దయ్యం సంగతి వేరు. ఆ సీసా తేలలేదు కదా!

ఇంటర్మీడియట్ చదివే రోజులలో, 1976లో, కన్యాశుల్కం నాటకాన్ని మొదటిసారి పూర్తిగా చదివాను. పూజారి గవరయ్య పిశాచాన్ని సీసాలో బంధించానని అందరినీ హడలగొట్టే ఘట్టం వచ్చేసరికి పుస్తకం మూసి పకపక నవ్వాను. మా దుకాణంలోని సీసా విజయనగరం దాకా ఎట్లా వెళ్ళింది? ఖాళీ సీసాను చూపి లోకాన్ని భయపెట్టేవాడిని, ఆ సీసాకు భయపడే లోకాన్ని గురజాడ ఒక్క దెబ్బకు నవ్వులపాలు చేశాడు. నాయనకు ఆ ఘట్టం చదివి వినిపిస్తే, "సూసినవా, ఈయన గూడ నవ్వుకుంటనే రాసిండు" అన్నాడు.

అసలు రహస్యం 1986లో బయటపడింది. అప్పటికి నేను ఒక కళాశాలలో తెలుగు అధ్యాపకుడిని. ఆదివారం ఆబిడ్స్ కాలిబాటమీద పాత పుస్తకాలు వెతుకుతుంటే, ఆంగ్ల హాస్య చిత్రకారుల గురించి అట్ట ఊడిన పుస్తకం ఒకటి దొరికింది. దానిలో ఒక పుట మూలన అదే సీసా! లోపల అదే పురుగు! అది దయ్యమూ కాదు, పిశాచమూ కాదు. జలగ. జాన్ లీచ్ అనే చిత్రకారుడు తన ఇంటిపేరుకు ఇంగ్లీషులో జలగ అని అర్థం కనుక, సంతకానికి బదులు అప్పుడప్పుడు సీసాలో జలగను గీసేవాడట. తొమ్మిదేళ్ళ వయసులో నన్ను వణికించినది ఒక మనిషి చేవ్రాలు.

ఆ పుస్తకం నాకు ఒక కొత్త లోకం చూపింది. లీచ్ 1817లో పుట్టాడు. వైద్యం చదవబోయి బొమ్మలవైపు మళ్ళాడు. 1841నుంచి 1864లో కన్నుమూసేవరకు 'పంచ్' పత్రికకు చిత్రాలు వేశాడు. నేడు మనం నవ్వు పుట్టించే బొమ్మను కార్టూన్ అంటున్నాము. ఆ మాటకు ఆ అర్థం వచ్చింది ఆయన బొమ్మతోనే. అంతకుముందు కార్టూన్ అంటే, గోడమీద పెద్ద చిత్రం రచించేముందు మందపాటి కాగితంమీద గీసుకొనే నమూనా. 1843లో బ్రిటిష్ పార్లమెంటు భవనానికి అటువంటి నమూనాలను ప్రదర్శించినప్పుడు, చిరుగుపాతలు కట్టుకొన్న నిరుపేదలు ఆ వైభవాన్ని చూస్తున్నట్లు లీచ్ ఒక బొమ్మ గీశాడు. దానికి పంచ్ పత్రిక ఎగతాళిగా కార్టూన్ అని పేరు పెట్టింది. ఎగతాళి మిగిలింది, నమూనా మరుగున పడింది. అదే సంవత్సరం డికెన్స్ రచించిన క్రిస్మస్ కథకు లీచ్ బొమ్మలు వేశాడు. సంకెళ్ళు ఈడ్చుకొంటూ వచ్చే దయ్యాన్ని ఇంగ్లండు పిల్లలు ఆయన గీతలలోనే చూశారు.

మరి కవచధారులమీద ఆయన కాలానికి ఎందుకంత పరిహాసం? అప్పటి ఇంగ్లండులో సంపన్నులకు మధ్యయుగాలమీద మోజు పుట్టింది. కోటలను తలపించే ఇళ్ళు కట్టుకొన్నారు. వంశవృక్షాలు వెతికించుకొన్నారు. 1839 ఆగస్టులో స్కాట్లండులో ఎగ్లింటన్ ప్రభువు ఏకంగా పాతకాలపు యుద్ధక్రీడ ఏర్పాటు చేశాడు. ప్రభువులు నిజమైన కవచాలు తొడిగి గుర్రాలెక్కారు. వేలకొద్దీ జనం చూడవచ్చారు. సరిగ్గా ఆ సమయానికే కుంభవృష్టి కురిసింది. మైదానమంతా బురద. కవచం ధరించిన ఒక ప్రభువు గొడుగు విప్పాడు. ఇక పత్రికలవారు ఊరుకొంటారా? మా దుకాణంలోని రెండవ చిత్రం ఆ గొడుగు నీడలో పుట్టినదే.

రిచర్డ్ బారమ్ అనే మతాచార్యుడు ఇంగోల్డ్స్‌బీ అనే మారుపేరుతో ఆ కాలంలోనే దయ్యాలమీద, పాత ప్రభువులమీద హాస్యకథలు రాశాడు. 1837లో వచ్చిన వాటిలో ఒకటి మనకు దగ్గరగా ఉంటుంది. బొంబాయి సైన్యంనుంచి సెలవుమీద ఇంగ్లండు వెళ్ళిన ఒక లెఫ్టినెంటు బంధువుల పాత భవనంలో దిగుతాడు. ప్రతిరాత్రీ అతని లాగు మాయమవుతుంటుంది. ఆ ఇంటి పూర్వీకుడైన ప్రభువు దయ్యమై వచ్చి ఎత్తుకుపోతున్నాడని అతడు నమ్ముతాడు. చివరకు తేలినదేమంటే, ఆ యువకుడే నిద్రలో నడిచివెళ్ళి తన లాగులను తోటలో పాతిపెడుతున్నాడు! లీచ్, క్రూక్‌షాంక్, టెనియల్ ముగ్గురూ ఈ గాథలకు బొమ్మలు వేశారు. 1864లో ఆ ముగ్గురి చిత్రాలతో ఒక సంపుటం వెలువడింది. సికింద్రాబాదు దండులో కొలువు చేసిన ఏ లెఫ్టినెంటు పెట్టెలోనో ఇటువంటి పుస్తకం ఉండి, దానిలోని పుటలు విడివడి లాలాగూడ చేరి ఉంటాయని ఊహించుకోవడం నాకు ఇష్టం.

ఆ వీరులను ఇంగ్లీషులో నైట్ అంటారు. ఆ మాట వినగానే మనకు పరాయిదనిపిస్తుంది గాని, దాని నీడ మనమీద చాలాకాలం పడింది. నైట్ బిరుదు పొందినవారి పేరుకు ముందు ఉండే గౌరవ వాచకమే 'సర్'. గోదావరికి ఆనకట్ట కట్టిన కాటన్ దొర 1861లో సర్ ఆర్థర్ కాటన్ అయ్యాడు. హైదరాబాదు దివాను సర్ సాలార్ జంగ్ అయ్యాడు. 1931లో బిరుదు పొందిన సర్వేపల్లి రాధాకృష్ణన్, స్వాతంత్ర్యం వచ్చాక దానిని వాడడం మానివేశాడు. తరగతిగదిలో విద్యార్థులు నన్ను "సర్" అని పిలిచినప్పుడల్లా, గుర్రమెక్కలేక తంటాలు పడుతున్న ఆ స్థూలకాయుడు నా కళ్ళముందు మెదులుతాడు. మనం ఏ బిరుదుకు చేతులు కట్టుకొని నిలుచున్నామో, ఆ బిరుదుమీద వాళ్ళు తమ దేశంలో కడుపుబ్బ నవ్వుకొన్నారు. ఆ నవ్వు మన రేవులకు ఓడలలో రాలేదా అంటే, వచ్చింది. 1877లో లక్నోనుంచి అవధ్ పంచ్ అనే ఉర్దూ పత్రిక వెలువడి దొరలనే ఆటపట్టించింది. తెలుగున వీరేశలింగం హాస్యసంజీవని నడిపాడు. తరువాతి తరంలో తలిశెట్టి రామారావు గీసిన వ్యంగ్య చిత్రాలు తెలుగు కార్టూన్‌కు ఆదిగా నిలిచాయి.

ఇదంతా ఉత్సాహంతో నాయనకు చెప్పాను. ఆయనకు లీచ్ కంటే, బొమ్మ అచ్చువేసిన పద్ధతిమీద ఎక్కువ ఆసక్తి కలిగింది. బాక్స్‌వుడ్ అనే గట్టి కలపను అడ్డంగా కోసి, ఆ ముఖం మీద సన్నని ఉలితో గీతలు చెక్కుతారు. ఆ చెట్టు లావెక్కదు కనుక పెద్ద బొమ్మకు చిన్న దిమ్మెలను పక్కపక్కన చేర్చి బిగిస్తారు. తొందర ఉంటే దిమ్మెలు విడదీసి ఒక్కొక్కటి ఒక్కొక్కరికి ఇచ్చి చెక్కించేవారు. నేను ఇంకా చెప్పబోతుండగా నాయన లేచి, వాన చిత్రం దగ్గరకు వెళ్ళి, మధ్యలో నిలువునా పోతున్న వెంట్రుకవంటి తెల్లని గీతను గోటితో చూపించాడు.

"ఇక్కడ అతుకు ఉన్నదని నాకు మొదటినుంచి తెలుసు. కాయితం మీద అతుకెందుకుంటదని అనుకునేటోన్ని. కట్టె మీదిదా ఇది!" అన్నాడు. ఆయన ముఖంలో అంతటి వెలుగు నేను అరుదుగా చూశాను.

అక్కడితో ఆగవలసింది. చదువుకొన్నవాడి తొందర నన్ను ఆగనివ్వలేదు. అటువంటి పుటల అడుగున చిత్రకారుని పేరు, చెక్కినవాని పేరు, పుస్తకం పేరు, సంవత్సరం అచ్చువేయడం ఆనవాయితీ. మా మూడు చిత్రాలకూ నాలుగు అంచులూ కోసివేసి ఉన్నాయి. దయ్యానికి సీసా మిగిలింది కనుక లీచ్ దక్కాడు. తక్కిన రెండింటికి ఆ ఆధారమూ లేదు. చెక్కినవారి పేర్లు మూడింటికీ పోయాయి. మిగిలిపోయిన కట్టె పట్టీలతో ఫ్రేము చేసి, దానికి పట్టేటట్లు బొమ్మను కుదించి ఉంటాడని నాకు అనిపించింది. "ఎంత పని చేశావు నాయనా! రెండు అంగుళాల కట్టె మిగుల్చుకోవడానికి వాళ్ళ పేర్లు కోసేశావు. ఇప్పుడు వీటికి విలువే లేదు" అన్నాను.

నాయన చేతిలోని గాజు కోసే వజ్రాన్ని బల్లమీద పెట్టాడు. కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "కోసింది నేనే గద" అన్నాడు. ఇంకేమీ అనలేదు. ఆ సాయంత్రం ఆయన మామూలు కంటే ముందుగా దుకాణం కట్టివేశాడు. ఆ తరువాత ఆ బొమ్మల ప్రస్తావన మా ఇద్దరిమధ్య ఎన్నడూ రాలేదు.

1991లో కళ్ళు మసకబారి నాయన దుకాణం ఎత్తివేశాడు. గాజు, కట్టె, పనిముట్లు తోటివారికి ఇచ్చి, ఆ మూడు పటాలు మాత్రం ఇంటికి తెచ్చాడు. 1994లో ఆయన కాలం చేశాడు. రెండేళ్ళ తరువాత వానాకాలంలో గోడ చెమర్చి, దయ్యం పటంలో గాజు లోపల పొగచూరినట్లు బూజు కనిపించింది. పాత కాగితం వెనుక అట్టగాని చెక్కగాని పెడితే దానిలోని పులుపు కాగితాన్ని తింటుంది. గోధుమరంగు చుక్కలు పడతాయి. ఇక ఆలస్యం చేయరాదని, నేనే కూర్చుని వెనుక మేకులు ఒక్కటొక్కటిగా ఊడదీశాను.

వెనుక పలక పాతది కాదు. నాయన ఎప్పుడో మార్చినట్లున్నాడు. ప్రతి పటం వెనుకా గిరాకీ వివరాలు పెన్సిలుతో రాసుకోవడం పటాలవారి అలవాటు. చెదపట్టిన పాత పలకమీది రాతను ఆయన కొత్త పలకమీదికి ఎక్కించుకొన్నాడు. బడికి సరిగా వెళ్ళని మనిషి అక్షరాలు అవి. విడివిడిగా, పెద్దవిగా, వంకరగా ఉన్నాయి.

'లాలాగూడ అమ్మగారు. 1969. బొమ్మలు 3. ఫ్రేములు అమ్మగారివే. ఆ ఫ్రేములకే పట్టవలె. అంచులు తీయమన్నారు. వద్దని చెప్పినాను. మొత్తం 9 రూ. ముట్టినది 5. బాకీ 4.'

ఆ నల్లని సన్నని ఫ్రేములను, వాటిమీది బంగారు గీతను, నేను అంతకాలం నాయన చేసినవే అనుకొన్నాను. తక్కిన రెండు పటాలూ విప్పి చూశాను. రెండింటి వెనుకా అవే మాటలు. నేను ఆ మాటలన్ననాడు, బదులు ఆయన వెనుక గోడకే వేలాడుతున్నది. ఒక్క మేకు ఊడదీసి నాకు చూపి ఉండవచ్చు. చూపలేదు. ఊరు విడిచివెళ్ళిన గిరాకీమీద తప్పు నెట్టడం ఆయనకు ఇష్టం లేకపోయిందేమో. లేక, కత్తెర పట్టినది తన చెయ్యే కనుక, ఆ మాట పడవలసినవాడు తానే అనుకొన్నాడేమో.

ఈమధ్య మళ్ళీ పటాలు విప్పవలసి వచ్చింది. జనరల్ బజారు దగ్గరే, నాయన వయసులో మూడోవంతు కూడా లేని ఒక కుర్రవాడి దగ్గరకు తీసుకువెళ్ళాను. ఇప్పుడు యంత్రం మీద నలభైఐదు డిగ్రీల కోత క్షణంలో పడుతుంది. పులుపు లేని అట్ట కూడా దొరుకుతున్నది. "కొత్త ఫ్రేము వేద్దాం అంకుల్, ఇవి పాతగయినయి" అన్నాడు. వద్దన్నాను. ఫ్రేములు నావి కావని చెప్పాను. పాత పలకలు తీసివేస్తూ, వాటిమీది రాతను చూసి, "ఇదేంది?" అని అడిగాడు. చెప్పాను. కాసేపు చదివి, చెవిమీది పెన్సిలు తీసి, నా చేతికిచ్చాడు. కొత్త అట్టలమీద అక్షరం మార్చకుండా మూడుసార్లు రాశాను. బాకీ 4 రూపాయలు దగ్గర అతడు, "ఇంకా రాలేదా అంకుల్?" అన్నాడు.

"రాలేదు" అన్నాను.